24 గంటల ఆయా పని, నెలకు 18 వేలు: అమ్మను పంపవచ్చా?

బోరబండ_అమ్మాయి
సోమవారం, రాత్రి 9.50

అందరికీ నమస్కారం. మా అమ్మకు 44 ఏళ్లు. కూకట్‌పల్లి వైపు ఒక డే కేర్‌లో ఆరేళ్లు ఆయాగా పనిచేసింది. పోయిన నెల అది మూతపడింది. ఇప్పుడు ఒక ఏజెన్సీ వాళ్లు నల్లగండ్లలో ఒక ఇల్లు చూపించారు. అక్కడే ఉండి పిల్లల్ని చూసుకోవాలి. ఐదు నెలల బాబు, నాలుగేళ్ల పాప. భార్యాభర్తలిద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. ఆవిడకు ప్రసూతి సెలవు అయిపోవచ్చింది, వచ్చే నెల ఆఫీసుకు వెళ్లాలి. ఆయన ఇంట్లో కూర్చునే మధ్యాహ్నం నుంచి రాత్రి రెండున్నర దాకా అమెరికా వాళ్లతో పనిచేస్తారట.

జీతం 18 వేలు. తిండి, వసతి వాళ్లవే. నెలకు రెండు ఆదివారాలు సెలవు. బాబు పనులన్నీ అమ్మవే. పాపను బడికి తయారుచేయడం, పిల్లల బట్టలు, పిల్లల వంట కూడా. పెద్దవాళ్ల వంటకు, ఇల్లు తుడవడానికి వేరే మనిషి ఉంది. మొదటి నెల జీతంలో సగం ఏజెన్సీకి పోతుంది.

డే కేర్‌లో అమ్మకు 11 వేలు వచ్చేవి. అందుకే 18 అనగానే ఆమె ముఖం వెలిగిపోయింది. నాకే ఎక్కడో లెక్క తేలడం లేదు. నేను డిగ్రీ చివరి సంవత్సరం, తమ్ముడు ఇంటర్. అమ్మ అక్కడ ఉన్నా ఇక్కడి అద్దె 7,500 కట్టవలసిందే. గురువారం లోపల చెప్పమంటున్నారు. 18 వేలు న్యాయమైన జీతమేనా?


మణికొండ_తల్లి
సోమవారం, రాత్రి 10.25

అమ్మాయీ, జీతం ఇచ్చే వైపు నుంచి చెబుతున్నాను. మా కాంప్లెక్సులో ఇంట్లోనే ఉండే మనిషికి 16 వేలు ఇచ్చేవాళ్లూ ఉన్నారు, 26 ఇచ్చేవాళ్లూ ఉన్నారు. నేను ఒక్క పాపకు 20 ఇచ్చాను, అదీ మూడేళ్ల క్రితం. ఇద్దరు పిల్లలు, అందులో ఒకరు చంకబిడ్డ, పైగా మీ అమ్మగారికి ఆరేళ్ల అనుభవం. 18 నాకు తక్కువగానే అనిపిస్తోంది.

అయితే అంకె ఒక్కటే చూడకండి. మా ఇంటికి వచ్చినావిడ ఐదో నెలలో మానేశారు. జీతం చాలక అనుకున్నాను, మరో రెండు వేలు పెంచుతానన్నాను. "డబ్బు కాదమ్మా, నాకు నిద్ర లేదు" అన్నారు. అప్పటి దాకా ఆ సంగతి నేను గమనించనే లేదు. ఇప్పటికీ చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది.


అపార్ట్‌మెంట్_సెక్రటరీ
సోమవారం, రాత్రి 10.41

తిండి ఖర్చు లేదు, అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు, బస్సు చార్జీ లేదు. 18 వేలకు 18 వేలు మిగులుతాయి. బీటెక్ చదివిన పిల్లలు అమీర్‌పేట హాస్టల్లో ఉండి 18 వేలకు పనిచేస్తున్నారు, వాళ్లకు మిగిలేది ఎంత? న్యాయం గురించి మాట్లాడే ముందు ఆ సంగతి కూడా చూడాలి.


కరివేపాకు
సోమవారం, రాత్రి 10.46

బీటెక్ కుర్రవాడు పని అయ్యాక లాప్‌టాప్ మూసేస్తాడు సార్. బాబును ఎక్కడ నొక్కితే మూతపడతాడో చెబితే ఆ 18 వేలకు నేనే వెళ్తాను.


లెక్కల_పంతులు
సోమవారం, రాత్రి 11.05

అమ్మాయీ, నీకు లెక్క తేలకపోవడానికి కారణం నువ్వు నెల జీతాన్ని నెల జీతంతో పోలుస్తున్నావు. గంటకు ఎంతో చూడాలి. నాకు మూడు విషయాలు కావాలి. పొద్దున ఎన్నింటికి మొదలు? రాత్రి ఎన్నింటికి ముగింపు? మధ్యాహ్నం నడుము వాల్చడానికి ఎంతసేపు? నాలుగోది, అన్నిటికంటే ముఖ్యం: బాబు రాత్రిపూట ఎవరి దగ్గర పడుకుంటాడు?

(మూడు అని నాలుగు అడిగాను. లెక్కల పంతులునే.)


బోరబండ_అమ్మాయి
మంగళవారం, ఉదయం 7.30

అమ్మను అడిగాను. ఫోనులో ఆ మేడం చెప్పింది ఇది: ఆరింటికి లేవాలి. పాప బడి బస్సు ఏడున్నరకు. పాప తిరిగి వచ్చేసరికి ఒంటిగంట. బాబు పడుకున్నప్పుడు అమ్మ కూడా పడుకోవచ్చు, "అలా రెండు గంటలు ఎటూ దొరుకుతుంది" అన్నారట. రాత్రి తొమ్మిదికి పిల్లలు నిద్రపోతారు. బాబు రాత్రి మా అమ్మ దగ్గరే పడుకుంటాడు. రాత్రి రెండు మూడు సార్లు లేస్తాడు, "పెద్దగా ఏడవడు, పాలు పడితే పడుకుంటాడు" అన్నారట.


లెక్కల_పంతులు
మంగళవారం, ఉదయం 8.10

సరే, కాగితం తీసుకో.

ఆరు నుంచి తొమ్మిది దాకా 15 గంటలు. అందులో పడక రెండు గంటలు తీసేద్దాం, నిజంగా దొరికితే. 13. రాత్రి మూడుసార్లు లేవడం అంటే పాలు వెచ్చబెట్టి, పట్టి, భుజాన వేసుకుని తేన్పు తెప్పించి, గుడ్డ మార్చి, జోకొట్టి మళ్లీ పడుకోబెట్టడం. ఒక్కోసారికి 40 నిమిషాలు. మొత్తం రెండు గంటలు. అంటే రోజుకు 15 గంటల పని. రెండు ఆదివారాలు పోగా నెలకు 28 రోజులు. 18,000ను 28తో భాగిస్తే రోజుకు 643 రూపాయలు. దాన్ని 15తో భాగిస్తే గంటకు 43 రూపాయలు.

ఇప్పుడు డే కేర్ లెక్క. 11,000 జీతం, 26 రోజులు. ఎన్ని గంటలో నువ్వు చెప్పలేదు, తొమ్మిది అనుకుంటున్నాను. గంటకు 47 రూపాయలు.

అంటే మీ అమ్మగారికి జీతం పెరగలేదమ్మా. గంటకు నాలుగు రూపాయలు తగ్గింది. పెరిగింది గంటలే. మెలకువ మధ్యలో వచ్చే నిద్రను నేను పూర్తి విశ్రాంతి కిందే రాశాను. అది కూడా యజమానుల పక్షాన రాసిన లెక్కే.


బోరబండ_అమ్మాయి
మంగళవారం, ఉదయం 8.22

తొమ్మిది గంటలే సార్, తొమ్మిదిన్నర నుంచి ఆరున్నర. ఈ లెక్క చూశాక కాలేజీ బస్సులో కాసేపు ఏమీ తోచలేదు.


అపార్ట్‌మెంట్_సెక్రటరీ
మంగళవారం, ఉదయం 9.15

పంతులుగారి లెక్కలో తిండి, వసతి ఏవి? హైదరాబాద్‌లో మహిళల హాస్టల్లో చేరితే ఆరేడు వేలు అవుతుంది. ఆరు వేలు కలపండి. 24 వేలు. గంటకు 57 అవుతుంది. ఇప్పుడు డే కేర్ కంటే ఎక్కువే కదా.


లెక్కల_పంతులు
మంగళవారం, ఉదయం 9.40

భాగహారం సరిగానే చేశారు సార్, 57 సరైనదే. కలపడంలోనే తేడా ఉంది. ఆ అమ్మాయి మొదటే చెప్పింది, బోరబండలో అద్దె 7,500 ఆగదు. మీరిచ్చే గది వల్ల వాళ్లకు ఒక్క రూపాయి కూడా మిగలడం లేదు. మిగిలేది ఒక మనిషి తిండి. అది కలపండి, ఒప్పుకుంటాను.


కరివేపాకు
మంగళవారం, ఉదయం 9.52

మన అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్‌కు సెల్లార్‌లో గది ఇచ్చేది అతని సుఖం కోసమా, మన గేటు కోసమా? అర్ధరాత్రి పిలిస్తే పలకడానికి ఇచ్చిన గదికి మళ్లీ అద్దె లెక్కగట్టడం మనకే చెల్లింది.


కువైట్_పిన్ని
మంగళవారం, మధ్యాహ్నం 2.20

నేను రాయచోటి దగ్గర పల్లె నుంచి వెళ్లి తొమ్మిదేళ్లు కువైట్‌లో ఇళ్లలో పనిచేసి వచ్చాను. ఇప్పుడు మియాపూర్‌లో మా కూతురి దగ్గర ఉంటున్నాను. ఇది ఆమె ఫోను, టైపు చేసేది మనవరాలు.

నేను పనిలో ఉండగానే, 2015లో, ఆ దేశంలో ఇంటిపనివాళ్లకని ఒక చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలు మించకూడదు, వారానికి ఒక రోజు సెలవు. మరుసటి ఏడు కనీస జీతం 60 దినార్లని కూడా పెట్టారు. మా ఇంట్లో ఆ చట్టం గడప దాటి లోపలికి రాలేదనుకో. కానీ ఒక మాట అడగడానికి ఆధారం దొరికింది. "మామా, చట్టంలో పన్నెండు గంటలే ఉందట" అని ఒకరోజు నవ్వుతూనే మా యజమానురాలితో అన్నాను, అక్కడ ఆవిడను అలాగే పిలుస్తాం. ఆ వారం నుంచి రాత్రి పదకొండు తర్వాత గిన్నెలు పొద్దున కడగమన్నారు. అంతే మారింది. అంతైనా మారింది.

చెల్లెలు లాంటి మీ అమ్మకు నేను చెప్పేది వేరే. "ఇంటి మనిషిలా చూసుకుంటాం" అంటారు. చెడ్డ మాట కాదు. చాలామంది మనస్ఫూర్తిగానే అంటారు. కానీ ఆ మాట అన్నవాళ్లు జీతం తేదీ చెప్పరు, సెలవు గట్టిగా చెప్పరు, ఎందుకంటే ఇంటి మనిషికి అవన్నీ ఎందుకు? అలా అన్నప్పుడు నెమ్మదిగా అడగమను: "నాకు జ్వరం వస్తే ఎలా అమ్మా?" సమాధానం వెంటనే వస్తే మంచి ఇల్లు. ముఖాలు చూసుకుంటే ఆలోచించుకోవాలి.

ఇంకొకటి. పిల్లాడు మరిగిపోతాడు. ఏడాది తిరిగేసరికి వాడు తల్లి చంక దిగి మీ అమ్మ దగ్గరికి వస్తాడు. అప్పుడు జీతం పెంచమని అడగడానికి ఆమెకు నోరు రాదు. నాకు రాలేదు. కాబట్టి పెంపు సంగతి ఇప్పుడే, ఆ పిల్లాడి ముఖం ఇంకా కొత్తగా ఉన్నప్పుడే మాట్లాడుకోవాలి.

ఆధార్ కార్డు అసలుది మాత్రం ఎవరి చేతికీ ఇవ్వవద్దు. నా పాస్‌పోర్టు తొమ్మిదేళ్లు వాళ్ల బీరువాలోనే ఉంది. మా నాన్న పోయినప్పుడు రాలేకపోయాను.


రాత్రి_డ్యూటీ_నర్సు
మంగళవారం, సాయంత్రం 6.05

పసిపిల్లల వార్డులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. డబ్బు సంగతి పంతులుగారు చూశారు, నేను బాబు సంగతి చెబుతాను.

ఆరు నెలలు నిండే దాకా తల్లిపాలే. ఆవిడ ఆఫీసుకు వెళ్తున్నారంటే పాలు పిండి నిల్వ చేస్తారన్నమాట. ఆ పాలు బయట నాలుగు గంటలకు మించి ఉంచకూడదు, అదీ 25 డిగ్రీల గదిలో. మన ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని వంటింట్లో ఆ లెక్క పనికిరాదు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు. సీసా మీద తేదీ, సమయం రాసి పెట్టాలి, పాతది ముందు వాడాలి. ఒకసారి బాబు నోరు పెట్టి వదిలేసిన పాలు తర్వాతి పూటకు దాచకూడదు. సీసాలు మరిగించాలి. ఇదంతా మీ అమ్మగారు చేయవలసిన పనే. "పాలు పడితే పడుకుంటాడు" అన్న ఒక్క మాటలో ఇంత ఉంది.

ఇక రాత్రి. నిద్ర చాలని మనిషి బాబును పక్కలో వేసుకుని పడుకోకూడదు, ఒత్తుకుపోయే ప్రమాదం ఉంది. బాబుకు విడిగా ఊయలో తొట్టో ఉండాలి, వెల్లకిలా పడుకోబెట్టాలి. నెలల తరబడి రోజూ మూడుసార్లు లేచే మనిషి పగటిపూట ఎలా ఉంటుందో నాకు తెలుసు. వరసగా ఏడు రాత్రులు డ్యూటీ చేశాక నేను ఇంట్లో పాల గిన్నె ఫ్రిజ్‌లో పెట్టబోయి బట్టల బీరువాలో పెట్టాను. నా చేతిలో ఉన్నది గిన్నె కాబట్టి సరిపోయింది.

కాబట్టి రాత్రిని పంచుకోవడం గురించి మాట్లాడడం అంటే మీ అమ్మగారి సుఖం అడగడమే కాదు. వాళ్ల బిడ్డ క్షేమం కూడా అందులో ఉంది. ఆ మాట అలాగే చెప్పండి, వింటారు.


నల్లకోటు
మంగళవారం, రాత్రి 8.50

చట్టం గురించి కొంత. ఇంటిపనివారి కోసమే దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం మనకు లేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆ విషయం పరిశీలించమని కేంద్రానికి చెప్పింది. 2008 నాటి అసంఘటిత కార్మికుల సామాజిక భద్రత చట్టం ఇంటిపనివారిని కార్మికులుగా గుర్తించింది, 2025 నవంబరు నుంచి దాని స్థానంలో సామాజిక భద్రత కోడ్ వచ్చింది. పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టంలో ఇల్లు కూడా పని ప్రదేశమే, ఫిర్యాదు జిల్లా స్థాయి కమిటీకి చేయవచ్చు. అవసరం రాకూడదు, కానీ తెలిసి ఉండాలి. మహిళల సహాయానికి ఉన్న 181 నంబరు మీ అమ్మగారి ఫోనులో పెట్టండి.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటిపనివారి గురించి 189వ ఒడంబడిక చేసింది. మన దేశం దానిని ఆమోదించలేదు, కాబట్టి కోర్టులో చూపించలేరు. కానీ న్యాయం ఏదో కొలుచుకోవడానికి బాగా పనికొస్తుంది. వారానికి వరసగా 24 గంటలు తగ్గకుండా విశ్రాంతి ఉండాలంటుంది. సెలవు రోజున ఆ ఇంట్లోనే ఉండవలసిన పని లేదంటుంది. గుర్తింపు పత్రాలు పనిచేసేవారి దగ్గరే ఉండాలంటుంది. పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉండే సమయాన్ని, దేశ చట్టాలు నిర్ణయించిన మేరకు, పనిగంటలుగా చూడాలంటుంది. ఈ చర్చంతా ఆ చివరి మాట మీదే నడుస్తోంది.

ఇక చేతిలో పని. జీతం బ్యాంకు ఖాతాలో వేయమనండి. గొడవ వస్తే పాస్‌బుక్కే సాక్ష్యం. పోలీసు పరిశీలనకు ఆధార్ జిరాక్సు చాలు. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ జాబితాలో పేరు నమోదు చేయించండి. బ్యాంకు ఖాతా ద్వారా కట్టే కేంద్ర ప్రభుత్వ పథకాల్లో ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలతో రెండు లక్షల జీవిత బీమా ఉన్నాయి. 44 ఏళ్ల మనిషి రెండింటికీ అర్హురాలే. ఆ 456 యజమానులనే కట్టమని అడగండి. ఎవరూ కాదనరు, మాటల మొదట్లో ఒకదానికి ఒప్పుకుంటే మిగతావి అడగడం తేలిక.


వేదిక నిర్వాహకులు
మంగళవారం, రాత్రి 9.30

ఒక సభ్యుడు ఏజెన్సీ పేరు, ఫోను నంబరు రాశారు. తొలగించాం. దయచేసి మళ్లీ పెట్టవద్దు.


బోరబండ_అమ్మాయి
బుధవారం, రాత్రి 9.15

ముందుగా ఒక సంగతి. మీరు రాసినవన్నీ నిన్న అమ్మకు చదివి వినిపించాను. 43 రూపాయల దగ్గర కోపగించుకుంది. "పసిపిల్లాడు ఏడిస్తే గడియారం చూసుకుని లేస్తానా?" అంది. కువైట్ పిన్ని రాసింది చదివినప్పుడు మాత్రం ఏమీ అనలేదు. మళ్లీ చదవమంది.

ఇవాళ ఇద్దరం ఆ ఇంటికి వెళ్లాం. బోరబండలో ఎంఎంటీఎస్ రైలు ఎక్కితే హైటెక్ సిటీ, హఫీజ్‌పేట, చందానగర్ దాటి లింగంపల్లి. అక్కడి నుంచి షేర్ ఆటో. మనుషులు మంచివాళ్లే. మేడం మాకు టీ స్వయంగా పెట్టి తెచ్చారు, గాజు గ్లాసుల్లో, వాళ్లు తాగేవాటిలోనే. అమ్మ అది గమనించింది, బయటికి వచ్చాక చెప్పింది.

గది చూపించమన్నాను. రాత్రి పిల్లల గదిలో పడుకోవాలి. బట్టలు, సామాను పెట్టుకోవడానికి వంటింటి వెనక వాషింగ్ మెషీన్ ఉండే చోటు ఇచ్చారు. ఒక అల్మారాలో రెండు అరలు ఖాళీ చేశారు, మూడో అరలో బట్టల సబ్బులు. పక్కనే ఇస్త్రీ బల్ల. తలుపు ఉంది కానీ గడియ లేదు. "చీర ఎక్కడ మార్చుకోవాలమ్మా?" అని అమ్మ అడిగింది. మేడం ఒక్క క్షణం ఆగి, "అయ్యో, అది ఆలోచించలేదు" అన్నారు. గడియ పెట్టిస్తామన్నారు. పిల్లల గదిలో కెమెరా ఉంది. రాత్రి అమ్మ పడుకునేది దాని కిందే.

జ్వరం ప్రశ్న అడిగాం. "మా డాక్టరు దగ్గరికే తీసుకెళ్తాం" అని వెంటనే వచ్చింది. ఆ రోజుల జీతం కోస్తారా అని నేను అడిగాను. అప్పుడు ముఖాలు చూసుకున్నారు.

రేపటికి జవాబు చెప్పాలి. ఎంత అడగమంటారు?


మణికొండ_తల్లి
బుధవారం, రాత్రి 9.50

22 అడగండి, 20కి తగ్గకండి. కెమెరా విషయం నాకు తెలిసిన తలనొప్పే. పగలు ఉంచుకోనివ్వండి. పసిపిల్లల్ని కొత్త మనిషికి వదిలి వెళ్లే తల్లి కడుపులో ఎలా ఉంటుందో మీకు ఇంకా తెలియదు. రాత్రి మాత్రం దాన్ని ఊయల వైపు తిప్పమనండి. మీ అమ్మగారి పడక అందులో కనబడకూడదు. నేను అలాగే చేశాను, అదీ ఆవిడ అడిగాకే.


రాత్రి_డ్యూటీ_నర్సు
బుధవారం, రాత్రి 10.30

మొదటి పోస్టు ఇప్పుడు మళ్లీ చదివాను. నేను గానీ, ఇక్కడున్న ఇంకెవరు గానీ ఒక ముక్క వదిలేశాం. ఆ తండ్రి రోజూ రాత్రి రెండున్నర దాకా మెలకువగానే ఉంటారు కదా. అదే ఇంట్లో. పక్క గదిలో.

బాబు సాధారణంగా ఎన్నింటికి లేస్తాడో అడగండి. పదకొండున్నరకు ఒకసారి, రెండింటికి ఒకసారి అయితే ఆ రెండుసార్లూ ఆయన పాలు పట్టవచ్చు. మీ అమ్మగారు తొమ్మిదికి పడుకుంటే రెండున్నర దాకా అయిదున్నర గంటలు ఏకధాటిగా నిద్ర. రాత్రంతా ముక్కలు ముక్కలుగా పడుకునే ఎనిమిది గంటల కంటే అది మేలు.


కరివేపాకు
బుధవారం, రాత్రి 10.38

నలభై మంది చదివాం. ఆడవాళ్లు ఎంతసేపు మేలుకోవాలో అణా పైసలతో లెక్కగట్టాం. ఇంట్లో అప్పటికే మేలుకున్న మగవాడు ఒక్కరికీ కనబడలేదు. నాతో సహా.


అపార్ట్‌మెంట్_సెక్రటరీ
బుధవారం, రాత్రి 11.10

నన్ను అందరూ కలిసి దుష్టుణ్ణి చేశారు, పరవాలేదు. నా వైపు కూడా ఒకటి వినండి. మా అబ్బాయి ఇంట్లో ఏడాదిన్నరలో నలుగురు ఆయాలు మారారు. ప్రతిసారీ ఏజెన్సీకి ఒక నెల జీతం కట్టాం. ఒకావిడ సంక్రాంతికి ఊరికని వెళ్లి ఫోను తీయలేదు. ఆ పదిహేను రోజులు మా కోడలు సెలవు పెట్టింది, ఆ ఏడాది ఆమెకు రావలసిన ప్రమోషన్ పోయింది. జీతం ఎక్కువ అడగడం తప్పు కాదు. కానీ మానేసే ముందు పదిహేను రోజులు చెబుతామని మీరు రాసివ్వండి, తీసేసే ముందు పదిహేను రోజులు చెబుతామని వాళ్లను రాయమనండి. ఆ భరోసాకు నేనైతే రెండు వేలు ఎక్కువ ఇస్తాను.

ఏజెన్సీ సగం జీతం మీ దగ్గర తీసుకోవడం మాత్రం అన్యాయం. వాళ్లు యజమాని దగ్గర ఎలాగూ తీసుకుంటారు. అడిగి చూడండి.


నల్లకోటు
బుధవారం, రాత్రి 11.25

సెక్రటరీగారి మాట బాగుంది. అలాగే రాయించండి. స్టాంపు పేపరు అక్కరలేదు, తెల్లకాగితం మీద రెండు ప్రతులు, రెండు వైపులా సంతకాలు.


బోరబండ_అమ్మాయి
శుక్రవారం, రాత్రి 8.40

కుదిరింది. వివరంగా రాస్తాను, నాలాగా వెతుక్కునేవాళ్లకు పనికొస్తుంది.

22 అడిగాం. చాలాసేపటికి 20,500 దగ్గర ఆగింది. నెలకు నాలుగు ఆదివారాలు. శనివారం రాత్రి ఏడింటికి బయలుదేరి సోమవారం పొద్దున ఆరింటికి చేరాలి. బాబు పదకొండున్నరకు, రెండింటికి, నాలుగున్నరకు లేస్తాడట, నర్సు అక్క ఊహించినట్టే. మొదటి రెండూ ఆయనవి. ఈ మాట అడగడానికి నాకు భయం వేసింది, అమ్మే అడిగింది. "సారు ఎటూ మెలకువగానే ఉంటారు కదమ్మా" అని మేడంతో అంది. మేడం ఆయన వైపు చూశారు. ఆయన మీటింగులో ఉంటే ఎలా అన్నారు. మేడం, "నేను ఆఫీసులో ఉన్నప్పుడు మీటింగుల్లో ఉండనా?" అన్నారు. మేమిద్దరం ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాం.

నెలకు రెండు రోజుల దాకా జ్వరం సెలవు, జీతం కోత లేదు. ఆరు నెలలకు వెయ్యి పెంపు. జీతం అయిదో తారీఖు లోపల ఖాతాలో. పదిహేను రోజుల ముందస్తు మాట రెండు వైపులా. ఏజెన్సీ సగం వాళ్లే కడతామన్నారు. బీమా 456 అడగగానే నవ్వి సరేనన్నారు, నల్లకోటు గారు చెప్పినట్టు దాంతోనే మొదలుపెట్టాం. కెమెరా ఊయల వైపుకే. పండుగ బట్టలు, దసరాకు ఏమైనా ఇస్తారా అన్నది అడగలేకపోయాం. అప్పటికే నాకు గొంతు ఎండిపోయింది.

అన్నీ నా నోట్‌బుక్కు కాగితం మీద రాశాను. సారు దాన్ని కంప్యూటర్లో టైపు చేసి ఇస్తానన్నారు. అమ్మ వద్దంది, "మా అమ్మాయి చేతిరాత బాగుంటుంది" అంది.


లెక్కల_పంతులు
శుక్రవారం, రాత్రి 9.05

20,500, 26 రోజులు. రోజుకు 788. పగలు 13 గంటలు, రాత్రి ఒక గంట అనుకుంటే గంటకు 56 రూపాయలు. 43 నుంచి 56కు వచ్చారు. ఫ్యాక్టరీలో అదనపు గంటలకు జీతం రెట్టింపు. ఆ లెక్కతో ఇది ఇప్పటికీ తక్కువే. కానీ డే కేర్ కంటే పైకి వచ్చింది, ఈసారి ఒప్పుకుంటాను.


కువైట్_పిన్ని
శనివారం, ఉదయం 10.15

దసరా సంగతి నేను చెబుతాను. అడగవలసిన పని లేదు. బతుకమ్మ పూలు కోసుకుని పాపతో పేర్పించమను. మిగతాది ఆ మేడమే చూసుకుంటుంది. చూసుకోకపోతే అప్పుడు అడుగుదాం.


బోరబండ_అమ్మాయి
నాలుగు వారాల తర్వాత, ఆదివారం, మధ్యాహ్నం 12.40

కొందరు విడిగా అడిగారు కాబట్టి రాస్తున్నాను. మొదటి జీతం నాలుగో తారీఖునే పడింది. మొదటి వారం సారు రెండుసార్లు మీటింగని అమ్మను లేపారట. రెండో వారం నుంచి లేదు. ఇప్పుడు చెవిలో మాట్లాడే పరికరం పెట్టుకుని, ఒడిలో బాబును పెట్టుకుని అమెరికా వాళ్లతో మాట్లాడతారట. బాబు ఆ మాటలకు తొందరగా నిద్రపోతున్నాడని అమ్మ అంటోంది. గడియ ఇంకా పెట్టలేదు. అమ్మ మూడుసార్లు గుర్తు చేసింది. వచ్చే వారం తమ్ముడు వెళ్లి తానే బిగించి వస్తానంటున్నాడు, 60 రూపాయల గడియ కొని పెట్టాడు.

నిన్న రాత్రి అమ్మ ఇంటికి వచ్చి తిని తొమ్మిదికే పడుకుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి కూర్చుని, చీకట్లో చెయ్యి పక్కకు చాచి తడుముతోంది. నేను లైటు వేస్తే నన్ను చూసి నవ్వి మళ్లీ పడుకుంది. ఇప్పుడు పన్నెండున్నర దాటింది, ఇంకా లేవలేదు. తమ్ముడు పప్పు పెట్టాడు. కుక్కర్ విజిల్‌కు లేస్తుందేమోనని మూత పెట్టకుండా గిన్నెలోనే ఉడికిస్తున్నాడు.

ఒక ప్రశ్న మిగిలింది. వాళ్లు డిసెంబరులో మూడు వారాలు అమెరికా వెళ్తారట. అమ్మ రానక్కరలేదు. ఆ మూడు వారాలకు జీతం అడగవచ్చా?


అపార్ట్‌మెంట్_సెక్రటరీ
ఆదివారం, మధ్యాహ్నం 12.58

అడగాలి. సగమైనా ఇవ్వాలి, లేకపోతే తిరిగి వచ్చేసరికి ఆవిడ వేరే ఇంట్లో ఉంటారు. టికెట్లు కొనక ముందే మాట్లాడండి.